లాక్‌డౌన్ నాళ్లలో కుటుంబ కాలక్షేపం, విహారం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏది మారింది, ఏది మిగిలింది

సంక్షిప్తంగా

2020లోనూ 2021లోనూ అమలైన కోవిడ్ ఆంక్షలు కుటుంబాల కాలక్షేపాన్ని ఒకే తీరుగా మార్చలేదు. మొదటి లాక్‌డౌన్‌లో చాలా ఇళ్లలో అందరికీ ఒకే వేళ తీరిక దొరికింది కానీ వెళ్లడానికి చోటు లేకపోయింది. సడలింపులు మొదలయ్యాక చోట్లు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి, ఆ ఉమ్మడి తీరిక మాత్రం చెదిరిపోయింది. అష్టాచెమ్మా వంటి ఆటలు మళ్లీ అటకెక్కడానికీ, సముద్రపు ఒడ్డుకు సాయంత్రపు ప్రయాణాలు నిలదొక్కుకోవడానికీ, కొన్ని పండుగలు వెంటనే, మరికొన్ని ఏళ్ల తరవాత తిరిగి రావడానికీ కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

లాక్‌డౌన్ నాటి కుటుంబ జీవితం గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఆ రోజుల్లో మరుగున పడిన ఆటలన్నీ తిరిగి వచ్చాయనీ, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవడం మళ్లీ అలవాటైందనీ కొందరంటారు. ఆంక్షలు ఎత్తేయగానే అంతా మామూలైపోయిందనీ, ఆ నెలల నుంచి మిగిలిందేమీ లేదనీ ఇంకొందరంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల అనుభవాన్ని దగ్గరగా చూస్తే ఈ రెండింటిలోనూ సగం నిజమే కనిపిస్తుంది. కొన్ని అలవాట్లు నిలిచాయి, కొన్ని పోయాయి. ఏది నిలవాలో తేల్చింది జనం ఇష్టాయిష్టాల కంటే ఎక్కువగా మూడు విషయాలు: ఆంక్షలు ఏ నెలల్లో వచ్చాయి, ఇంట్లో ఎవరెవరు ఒకే వేళ ఖాళీగా ఉన్నారు, వెళ్లదలచిన చోటికి ఎవరి అనుమతి, ఎవరి ఏర్పాట్లు కావాలి.

చేజారిన నెలలు

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే నిర్ధారణ అయింది. ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి వ్యాధి సోకినట్టు తేలడంతో మిగిలిన జిల్లాల కంటే ముందే ఇక్కడ జంకు మొదలైంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చాయి. ఆ 25వ తేదీ ఉగాది. ఏప్రిల్ 2న శ్రీరామనవమికి వీధి పందిళ్లు లేవు, పానకం పంపకాలు లేవు. ఏప్రిల్ 14తో ముగుస్తుందనుకున్న లాక్‌డౌన్ మే 3కూ, అక్కణ్నుంచి మే 17కూ, చివరికి మే 31కీ జరుగుతూ పోయింది.

ఈ తేదీలను ఇక్కడి రుతువుల పక్కన పెట్టి చూడాలి. నెల్లూరు జిల్లాకు ప్రధానమైన వానలు నైరుతి రుతుపవనాలతో కాక ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుపాన్ల భయం ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రోహిణి కార్తెలో పగటి పూట గడప దాటడమే కష్టం. అంటే పిల్లాపాపలతో ఆరుబయట తిరగడానికి నిజంగా అనువైన కాలం సంక్రాంతికి కాస్త ముందు మొదలై మహాశివరాత్రి వెళ్లేదాకా ఉండే రెండు మూడు నెలలే. సోమశిల జలాశయానికో, పెంచలకోనకో, ప్రకాశం వైపున భైరవకోన గుహలకో, కంభం చెరువు కట్ట మీదికో జనం ఎక్కువగా వెళ్లేది అప్పుడే.

లాక్‌డౌన్ తీసుకుపోయింది ఆ నెలలను కాదు, వేసవిని. వేసవిలో ఈ ప్రాంతపు కుటుంబాలు చేసేది విహారం అనడం కంటే చుట్టరికపు ప్రయాణం అనడం సబబు. బడులు మూసిన వారంలోపే పిల్లలు అమ్మమ్మ గారింటికి చేరడం, మేనమామల పిల్లలూ పెదనాన్న పిల్లలూ ఒకే కొంపలో నెలన్నర గడపడం, తిరిగి వచ్చేటప్పుడు కొత్త ఆవకాయ జాడీ మోసుకురావడం ఏటా జరిగే తంతు. 2020లో బడులు మార్చి మూడో వారంలోనే మూతపడ్డాయి కానీ పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. రాష్ట్రంలో ఆర్టీసీ బస్సులు తిరిగి రోడ్డెక్కింది మే 21న, రోహిణి కార్తె ముంగిట. అప్పటికి అమ్మమ్మ ఇంటికి వెళ్లే వేళ దాటిపోయింది; వెళ్లగలిగినా, వేరే ఊరి నుంచి వచ్చిన పిల్లలను పెద్దవాళ్లున్న ఇంట్లోకి తీసుకోవడానికి రెండు వైపులా వెనకాడారు.

2021లోనూ దెబ్బ తగిలింది వేసవికే. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి మరునాడు ఉదయం 6 గంటల వరకు కర్ఫ్యూ పెట్టారు. 2022 జనవరిలో మూడో విడత వ్యాధి వ్యాపించినప్పుడు మాత్రం రాత్రి కర్ఫ్యూను సంక్రాంతి దాటాక, 18వ తేదీ నుంచి అమలు చేశారు. ఈ వరుసను బట్టి తేలేదేమంటే, ఈ జిల్లాల కుటుంబాలు వరుసగా రెండు వేసవులను పూర్తిగా కోల్పోయాయి, చలికాలాలు మాత్రం ఎంతో కొంత దక్కాయి. విహారం కంటే చుట్టాల ఇళ్ల రాకపోకలు ఎక్కువ దెబ్బతిన్నాయనడానికి ఈ లెక్కే ఆధారం. ఈ నష్టం గురించి చర్చ తక్కువగా జరిగింది. మూతపడిన సినిమా హాలు అందరికీ కనిపిస్తుంది, రాని మనవడి కోసం తీసిపెట్టిన మంచం ఆ ఇంటివాళ్లకే కనిపిస్తుంది.

చలికాలం దక్కిందన్న మాటకూ ఒక మినహాయింపు ఉంది. కార్తీక వనభోజనాల వేళ 2020లో నివర్ తుపాను నవంబరు 25, 26 తేదీల్లో నెల్లూరు జిల్లాను ముంచెత్తింది. మరుసటి ఏడు కార్తీక పౌర్ణమి మరునాటి నుంచే పెన్నకు భారీ వరద వచ్చి, కోవూరు వద్ద జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసుకునే అవకాశం రెండేళ్లు వరుసగా తప్పిపోయిన ఊళ్లలో, మొదటిసారి కారణం వ్యాధా వానా అని విడదీయడం కష్టం.

అరుగు మీది ఆట

మొదటి లాక్‌డౌన్‌లో ఇళ్లలో కనిపించిన ఆటల్లో అష్టాచెమ్మా, దాడి, పులిమేక, వైకుంఠపాళి, వామనగుంటలు, క్యారమ్స్, పేక ఉన్నాయి. వీటిలో అష్టాచెమ్మాను కాస్త దగ్గరగా చూస్తే, ఆ ఆటలు ఆ నెలల్లోనే ఎందుకు లేచి నిలబడ్డాయో, ఆ తరవాత ఎందుకు నిలవలేకపోయాయో అర్థమవుతుంది.

ఈ ఆటకు కొనాల్సిన వస్తువు ఒక్కటీ లేదు. సుద్దముక్కతో నేల మీద వరసకు ఐదు చొప్పున 25 గళ్లు గీస్తారు. నాలుగు వైపులా ఉన్న ఇంటి గళ్లలోనూ నడిమి గడిలోనూ అడ్డగీతలు కొడతారు. గవ్వలు లేకపోతే రెండు చింతగింజలను గరుకు రాతి మీద రుద్ది బద్దలు చేస్తే నాలుగు పిక్కలు వస్తాయి, ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. కాయలకు గాజు ముక్కలో, కందిపప్పు బద్దలో, చీపురు పుల్లలో చాలు. పందెం పడేదాకా కాయ ఇంట్లోంచి కదలదు, ఎదుటివాడి కాయను చంపితే గానీ లోపలి గళ్లలోకి దారి దొరకదు అన్న నియమం వల్ల ఒక్కో ఆట గంటల తరబడి సాగుతుంది.

ఈ సాగుడే ఇక్కడ కీలకం. మామూలు రోజుల్లో ఈ ఆటకు ఉన్న లోపం అదే. చేతినిండా సమయం ఉన్న ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అదే గుణమైంది. రెండో విషయం, పందెం చేతివాటం మీద కాక అదృష్టం మీద నడుస్తుంది గనక ఎనిమిదేళ్ల పిల్లకూ డెబ్బై ఏళ్ల నాయనమ్మకూ గెలిచే అవకాశం దాదాపు సమానం. చదరంగానికి ఈ సౌలభ్యం లేదు. మూడోది, నాలుగు వైపులా నలుగురు ఉంటేనే ఆట పండుతుంది. నలుగురు ఒకే వేళ, ఒకే చోట, వేరే పని లేకుండా దొరకడం అన్నదే అసలు షరతు.

ఆ షరతును లాక్‌డౌన్ ఎలా తీర్చింది అన్నది ఈ రెండు జిల్లాల్లో ప్రత్యేకంగా గమనించదగ్గది. నెల్లూరు, ఒంగోలు పట్టణాలు హాస్టల్ చదువులకు పేరున్న చోట్లు. ఇంటర్ చదివే పిల్లల్లో చాలామంది తెల్లవారుజామున మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే దినచర్యలో, ఇంటికి దూరంగా ఉంటారు. కనిగిరి, దర్శి, మార్కాపురం వైపు మెట్ట ఊళ్ల నుంచి పనుల కోసం హైదరాబాదుకూ బెంగళూరుకూ వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2020 మార్చిలో హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌తో సహా సొంతూళ్లకు చేరారు. పదేళ్లలో సంక్రాంతికి తప్ప ఒక్కచోట కనిపించని అన్నదమ్ములు నెలల తరబడి ఒకే కప్పు కింద ఉన్నారు. ఆటలు తిరిగి వచ్చాయి అనడం కంటే, ఆడేవాళ్లు తిరిగి వచ్చారు అనడమే ఇక్కడ సరైన వివరణ.

ఆడేవాళ్లు వెళ్లిపోగానే ఆటా వెళ్లిపోయింది. 2020 నవంబరు 2 నుంచి పెద్ద తరగతులు దశలవారీగా తెరుచుకోవడం, కళాశాలలు మొదలుకావడం, ఆఫీసులు ఒక్కొక్కటిగా పిలవడంతో అరుగు మీద నలుగురు ఇద్దరయ్యారు. పాత ఆటల మీద ప్రేమ తగ్గిందనో, పిల్లలకు ఓపిక లేదనో నిందించడంలో న్యాయం లేదు. ఇద్దరితో అష్టాచెమ్మా చప్పగా ఉంటుంది.

వంటింటి పనులు కూడా ఆ నెలల్లో కాలక్షేపంలోకి వచ్చి చేరాయి. లాక్‌డౌన్ కచ్చితంగా మామిడికాయల కాలంలో పడింది. మిద్దె మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టడం, కాకులను తోలడానికి పిల్లలను కాపలా ఉంచడం, ఆవకాయకు ముక్కలు కొట్టడం వంటివి బజారు సరుకు మీద ఆధారపడే ఇళ్లలో సైతం మళ్లీ జరిగాయి. వీటిలో ఊరగాయ పని కొన్ని ఇళ్లలో ఆ తరవాత కూడా నిలిచింది. దానికి నలుగురు ఒక పూట దొరికితే చాలు, రోజూ అక్కర్లేదు.

ఫోను ఎవరి చేతిలో ఉంది

కాలక్షేపం మీద ఫోను ప్రభావం గురించి చాలామంది చెప్పే మాట, లాక్‌డౌన్ పిల్లలను ఫోనుకు అలవాటు చేసిందన్నది. జరిగిన క్రమం అంతకంటే చిక్కైనది. తొలి వారాల్లో టీవీదే పైచేయి. చిత్రీకరణలు ఆగిపోయి సీరియళ్ల కొత్త భాగాలు రాలేదు, ఛానళ్లు పాత వాటినే మళ్లీ వేశాయి. దూరదర్శన్ మార్చి 28 నుంచి రామాయణాన్ని తిరిగి ప్రసారం చేసింది. రోజూ రాత్రి ఫలానా వేళకు టీవీ ముందు కూర్చోవాలన్న కట్టుబాటు సడలడంతో, ఆ సాయంత్రాలు ఆటలకూ మాటలకూ మిద్దె మీది నడకకూ దొరికాయి.

జూన్ తరవాత రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. కొత్త సీరియళ్లు మొదలయ్యాయి, ప్రైవేటు బడుల ఆన్‌లైన్ తరగతులు మొదలయ్యాయి. ప్రభుత్వ బడుల పిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు ప్రసారమయ్యాయి. ఒకే స్మార్ట్‌ఫోను ఉన్న ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు తరగతులుంటే, ఆ ఫోను పొద్దున అక్కకూ మధ్యాహ్నం తమ్ముడికీ సాయంత్రం నాన్నకూ వంతులవారీగా తిరిగింది. ఇంట్లో అందరూ ఉన్నారు గానీ ఎవరి వేళ వాళ్లదైంది. ఒకరికి తరగతి నడుస్తుంటే మిగిలినవాళ్లు గొంతు తగ్గించి మసలాలి. అరుగు మీద కేకలతో సాగే ఆటకు అలాంటి ఇంట్లో తావు లేదు. ఉమ్మడి తీరిక చెదరడం ఇళ్లు ఖాళీ కావడంతో మొదలవలేదు, అంతకు కొన్ని నెలల ముందే ఇంటి లోపలే మొదలైంది.

తీరిక అందరిదీ ఒకటి కాదు

పైన చెప్పిందంతా నెల జీతమో, నిల్వ ధాన్యమో ఉన్న ఇళ్ల మాట. డెల్టా గ్రామాల్లో మార్చి, ఏప్రిల్ నెలలు వరి కోతల కాలం. వ్యవసాయ పనులకు లాక్‌డౌన్ మొదట్లోనే మినహాయింపు వచ్చింది గనక రైతులకూ కూలీలకూ ఆ వారాలు ఏడాదిలోకెల్లా తీరిక లేనివి. ఆటోలు నడిపేవాళ్లు, హోటల్ పనివాళ్లు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు ఖాళీగానే ఉన్నారు, కానీ ఆ ఖాళీని కాలక్షేపం అనడం సరికాదు. రేపటి బియ్యం ఎలా అన్న ఆలోచనతో గడిచే మధ్యాహ్నం ఎంత పొడవైనా అది తీరిక కిందికి రాదు. తీరం వెంట మత్స్యకారుల స్థితి ఇంకో రకం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఉండే వేట నిషేధాన్ని 2020లో మే 31కే ముగించారు, లాక్‌డౌన్‌లో అప్పటికే పోయిన వేట రోజులను కొంతైనా పూడ్చడానికి.

వయసు వారీగా తెరుచుకున్న తలుపులు

2020 జూన్ 8 నుంచి ఆలయాలు, హోటళ్లు, మాల్స్ తెరవడానికి అనుమతి వచ్చింది. తిరుమలలో సాధారణ భక్తులకు దర్శనం జూన్ 11న మొదలైంది. సినిమా హాళ్లు సగం సీట్లతో తెరవడానికి కేంద్రం అక్టోబరు 15 నుంచి వీలిచ్చింది; పూర్తి సీట్లకు అనుమతి 2021 ఫిబ్రవరిలో వచ్చింది. ఈ తేదీలు మాత్రమే చూస్తే కుటుంబ విహారం జూన్ నుంచే మొదలై ఉండాలి. అలా జరగకపోవడానికి కారణం ఆ ఉత్తర్వుల్లోనే ఉంది. 65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, దీర్ఘవ్యాధులున్నవాళ్లు ఇంటి పట్టునే ఉండాలని మార్గదర్శకాలు సూచించాయి.

మన ఇళ్లలో గుడి ప్రయాణం ఎవరి కోసం మొదలవుతుందో గుర్తు తెచ్చుకుంటే ఈ సూచన ప్రభావం తెలుస్తుంది. జొన్నవాడ కామాక్షమ్మ దర్శనం నాయనమ్మ మొక్కు. పెంచలకోనలో తలనీలాలు చంటిబిడ్డవి. శనివారం మాత్రమే తలుపులు తెరిచే మాలకొండ నరసింహస్వామి దగ్గరికి కారు మాట్లాడుకుని వెళ్లేది పెద్దాయన పట్టుదల మీద. పెద్దవాళ్లనూ పసివాళ్లనూ తీసేస్తే ప్రయాణానికి కారణమే మిగలదు. అందుకే గుళ్లు తెరిచిన తొలి నెలల్లో మోటారు సైకిళ్ల మీద వచ్చే యువ జంటలు, స్నేహితుల గుంపులు కనిపించినంతగా మూడు తరాల కుటుంబాలు కనిపించలేదు. చోటు తెరిచినా కుటుంబం కుటుంబంగా కదలలేకపోయింది.

నెల్లూరుకు ఇంకొక అడ్డంకి కూడా ఉంది. సూళ్లూరుపేట, గూడూరు, నెల్లూరు ప్రాంతాల వాళ్లకు పెద్ద ఆసుపత్రి అన్నా, పెళ్లి బట్టలన్నా, పిల్లలకు చూపించే పెద్ద ఊరన్నా చెన్నపట్నమే. 2020 మేలో చెన్నైలోని కోయంబేడు కూరగాయల మార్కెట్‌తో ముడిపడిన కేసులు నెల్లూరు జిల్లాలోనూ బయటపడ్డాయి. జూన్ 19 నుంచి 30 వరకు చెన్నైలో మళ్లీ కఠిన లాక్‌డౌన్ పెట్టారు. రాష్ట్ర సరిహద్దు దాటడానికి ఈ-పాస్ కావాలి. దక్షిణాన చెన్నై దారి మూసుకుపోవడంతో జనం చూపు జిల్లా లోపలి చోట్ల మీదికి మళ్లింది. ఒంగోలు వాళ్లకు గుంటూరు, విజయవాడ సొంత రాష్ట్రంలోనే ఉండటం వల్ల ఈ ఇబ్బంది అంతగా లేదు.

సముద్రపు ఒడ్డు ఎందుకు గెలిచింది

గుడికి వయసు అడ్డం, సినిమా హాలుకు నాలుగు గోడలు అడ్డం, బస్సుకు పక్క సీటు భయం. ఇవేవీ లేని చోటు సముద్రం. నెల్లూరు నుంచి మైపాడు, కొత్తకోడూరు. కావలి నుంచి తుమ్మలపెంట. ఒంగోలు నుంచి కొత్తపట్నం. చీరాల నుంచి అప్పట్లో ప్రకాశం జిల్లాలోనే ఉన్న వాడరేవు. ఇవన్నీ సొంత బండి మీద గంట లోపు చేరగల దూరాలు. టికెట్టు లేదు, వరస లేదు, తలుపు లేదు.

సాయంత్రం నాలుగింటికి అనుకుంటే ఐదున్నరకల్లా ఇసుక మీద ఉండొచ్చు, ఎనిమిదింటికి ఇంట్లో అన్నం తినొచ్చు. ఉమ్మడి తీరిక రోజుల నుంచి గంటలకు కుదించుకుపోయిన ఇంటికి ఈ కొలత సరిగ్గా సరిపోయింది. రోజంతా కావలసిన సోమశిల ప్రయాణానికి నలుగురికీ కలిసొచ్చే ఆదివారం దొరకాలి. మైపాడుకు మూడు గంటలు చాలు. మిగతా చోట్లన్నీ మళ్లీ తెరుచుకున్నాక కూడా ఒడ్డుకు వెళ్లే అలవాటు నిలవడానికి ప్రధాన కారణం ఇదేనని చెప్పాలి. తాజా గాలి మోజు, ఫోటోల సరదా ఉన్నమాట నిజమే, కానీ అవి లాక్‌డౌన్‌కు ముందు కూడా ఉన్నాయి.

ఒడ్డున ఆ సాయంత్రాలు ఎలా సాగుతాయో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. స్కూటర్ ముందు నిలబడ్డ పిల్లవాడు, వెనక తల్లి ఒడిలో చంటిది, హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో తడి బట్టలు మార్చుకోవడానికి ఒక జత, ఇంటి నుంచి తెచ్చిన నీళ్ల సీసా. ఖర్చు పెట్రోలుకూ, కాల్చిన మొక్కజొన్న కంకులకో మిరపకాయ బజ్జీలకో. ఆదాయం తగ్గిన ఇల్లు కూడా భరించగల విహారం ఇది. పెద్దవాళ్లు రాలేకపోయినా, మూడు గంటలే గనక వాళ్లను ఇంట్లో ఉంచి వెళ్లడం తప్పుగా అనిపించదు.

ఈ మార్పుకు ఒక వెల ఉంది, దాన్ని చిన్నది చేసి చెప్పకూడదు. మన తీరం చూడటానికి చదునుగా, నెమ్మదిగా కనిపిస్తుంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు వెనక్కి మళ్లేటప్పుడు ఇసుక తిన్నెల మధ్య సన్నని కాలువలా ఒక్కచోట చేరి లోపలికి వేగంగా లాగుతుంది. ఆ చోట అలలు తక్కువగా, నీళ్లు నిలకడగా కనిపిస్తాయి. తెలియనివాళ్లు పిల్లలను దించడానికి అదే మంచి చోటనుకుంటారు. లాగుడులో చిక్కినవాళ్లు ఒడ్డుకు ఎదురీదబోయి అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు వదిలాక లోపలికి రావాలి. పల్లెకారులకు ఇది పుట్టుకతో తెలిసిన విద్య, పట్నం నుంచి వచ్చే కుటుంబాలకు కాదు. గుడి జాతరకు పోలీసు బందోబస్తు, క్యూలైన్లు, వైద్య శిబిరం ముందే సిద్ధమవుతాయి, ఎందుకంటే తేదీ తెలుసు. ఏ సాయంత్రమైనా నిండగల ఒడ్డుకు అలాంటి ఏర్పాటు అంత తేలిక కాదు. విహారం పండుగ నుంచి మామూలు రోజుకు మారినప్పుడు రక్షణ కూడా మామూలు రోజుకు మారాలి. ఈ రెండు జిల్లాల్లో ఆ రెండో మార్పు మొదటిదానంత వేగంగా జరగలేదు.

ఏ పండుగ ఎప్పుడు తిరిగొచ్చింది

కుటుంబాలు కదిలే పెద్ద సందర్భాల్లో మూడింటిని పక్కపక్కన పెడితే ఒక క్రమం కనిపిస్తుంది.

సంక్రాంతి ముగిసి, కనుమ మరునాడు నెల్లూరులో జరిగేది ఏటి పండుగ. గొబ్బెమ్మలను పెన్నలో నిమజ్జనం చేసి, ఇంటి నుంచి కట్టుకొచ్చిన పులిహోర, పెరుగన్నం ఇసుకలో కూర్చుని తినడం దీని తీరు. రంగనాథస్వామి ఆలయం వెనక ఏటి ఒడ్డు ఆ సాయంత్రం నిండుతుంది. మున్సిపాలిటీ ఏర్పాట్లు ఉన్నా లేకున్నా ఈ పండుగ మూలం ఇంటి గుమ్మంలో ఉంది. గొబ్బెమ్మ పెట్టిన ప్రతి ఇల్లూ దాన్ని ఎక్కడో ఒకచోట నీళ్లలో కలపాల్సిందే. సంక్రాంతులు రెండు విడతల వ్యాధికి నడుమనో, మూడో విడత ఆంక్షలకు ముందో పడటం కూడా దీనికి కలిసొచ్చింది.

బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ సంగతి వేరు. మొహర్రం సమయంలో స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు ఇచ్చే రొట్టెను కోరిక ఉన్నవాళ్లు అందుకునే ఈ పండుగకు పొరుగు రాష్ట్రాల నుంచి కూడా మతభేదం లేకుండా కుటుంబాలు వస్తాయి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె అంటూ ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకోవడమే ఇక్కడ ఆచారం గనక, దూరం పాటిస్తూ జరపడం అసాధ్యం. లక్షల్లో జనం వచ్చే చోట అనుమతి లేకపోతే పండుగ లేదు. రెండేళ్లు ఆగి, 2022 ఆగస్టులో మళ్లీ పూర్తి స్థాయిలో జరిగింది.

మూడోది పులికాట్, నేలపట్టు పక్షుల పేరిట సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్. 2020 జనవరి మొదటి వారంలో, లాక్‌డౌన్‌కు మూడు నెలల లోపు, ఒకసారి జరిగింది. తిరిగి జరిగింది 2025 జనవరిలో. ఈ లోగా 2022లో జిల్లాల విభజనతో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసింది. కొంగలు, గూడబాతులు, రాజహంసలు ఏటా వచ్చాయి. రానిది ప్రభుత్వ నిధులతో, వేదికలతో, బస్సులతో నడిచే ఉత్సవమే. దీన్ని బట్టి, ఇంటి నుంచి మొదలయ్యే పండుగకు ఆంక్షలు తొలగడమే చాలు, జనసందోహం మీద నడిచే పండుగకు అనుమతి కావాలి, ప్రభుత్వం చేతిలోని ఉత్సవానికి అనుమతితో పాటు నిధులూ పూనికా కావాలి అని అర్థమవుతుంది. బయటి అనుమతుల మీద, ఏర్పాట్ల మీద ఆధారపడటం ఎంత ఎక్కువైతే తిరిగి రావడం అంత ఆలస్యమైంది.

2021: అదే వేసవి, వేరే ఇల్లు

రెండో విడత ఆంక్షలను మొదటిదాని కొనసాగింపుగా చూస్తే పొరపాటు. 2021 కర్ఫ్యూలో ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా బయటికి వెళ్లే వీలుండేది. కాగితం మీద ఇది 2020 కంటే ఎక్కువ స్వేచ్ఛ. ఇళ్లలో మాత్రం 2020 నాటి ఆటల సందడి కనిపించలేదు. ఆ మే నెలలో చాలా ఇళ్లలో ఎవరో ఒకరు గదిలో విడిగా ఉన్నారు, బయట ఆక్సిజన్ పడకల కోసం ఫోన్లు మోగుతున్నాయి, ఎక్కడో ఒకచోటి నుంచి చావు కబురు వస్తోంది. సూతకంలో ఉన్న ఇంట్లో పందెపు గవ్వలు పట్టరు. మొదటి లాక్‌డౌన్‌లో వ్యాధి వార్తల్లో ఉంది, రెండో విడతలో వీధిలోకి వచ్చింది. ఉమ్మడి తీరికకు మనసు నెమ్మది కూడా తోడైతేనే అది కాలక్షేపం అవుతుందన్నది ఈ పోలికలో తేలే విషయం.

సడలింపుల్లోనూ రెండు జిల్లాలు వేరుపడ్డాయి. జూలై మొదట్లో పాజిటివిటీ రేటు తక్కువగా ఉన్న ఎనిమిది జిల్లాల్లో, వాటిలో నెల్లూరు ఒకటి, రాత్రి 9 గంటల వరకు సడలింపు ఇచ్చారు. ప్రకాశం సహా ఐదు జిల్లాల్లో అది సాయంత్రం 6 గంటలకే ఆగింది. ఆరు గంటలకు ఇంట్లో ఉండాలంటే జూలైలో సముద్రపు ఒడ్డుకు వెళ్లడం కుదరదు. ఎండ తగ్గేదే ఐదున్నర తరవాత. కొద్ది కాలమే అయినా, మైపాడు దారిలో సాయంత్రాలు తెరుచుకుని కొత్తపట్నం దారిలో మూసుకుని ఉన్నాయి.

ఇక ముందు గమనించాల్సినవి

ఈ మార్పుల ఫలితాలు రెండు చోట్ల ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. మొదటిది తీరం. కృష్ణపట్నంతో పాటు రామాయపట్నం రేవు పనులు, వాటి వెంట వచ్చే రోడ్లు, కంచెలు పెరిగేకొద్దీ జనం స్వేచ్ఛగా దిగగల ఒడ్డు తగ్గుతుంది. మిగిలిన మైపాడు, కొత్తపట్నం, తుమ్మలపెంటల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈతగాళ్ల కాపలా, లాగుడు ఉన్న చోట ఎర్ర జెండాలు, బట్టలు మార్చుకునే గదులు, చీకటి పడ్డాక దీపాలు కార్తీక పౌర్ణమికే కాక ప్రతి ఆదివారానికీ అవసరమవుతాయి. ఈ పనికి పల్లెకారుల యువకులను జీతం మీద తీసుకుంటే, నీటిని చదవగలిగినవాళ్లే కాపలా ఉంటారు.

రెండోది చదువుల క్యాలెండర్. హాస్టళ్లలో ఇంటర్ పిల్లలకు వేసవి సెలవుల్లో కూడా తరగతులు నడపడం, ఆదివారం ఔటింగ్ పేరుతో కొన్ని గంటలే వదలడం కోవిడ్‌కు ముందున్నట్టే మళ్లీ సాగుతున్నాయి. అన్నకు సెలవు దొరికిన వారం చెల్లికి పరీక్షలుంటే, తండ్రికి ఆ వారమే నైట్ డ్యూటీ పడితే, ఎన్ని పార్కులు కట్టినా ఆ ఇల్లు కలిసి కదలదు. వేసవిలో కనీసం మూడు వారాలు ఏ తరగతికీ, ఏ కోచింగ్‌కూ మినహాయింపు లేని సెలవుగా అమలైతే, అమ్మమ్మ ఇంటి ప్రయాణం మళ్లీ మొదలవడానికి వేరే పథకం అక్కర్లేదు. బస్సులు ఉన్నాయి, ఇళ్లు ఉన్నాయి, మామిడికాయలు ఏటా అదే నెలలో వస్తాయి.